లెక్కల పరీక్షను కాగితానికే రాసివ్వొద్దు

“నాలుగో తరగతికి వచ్చినంక ఇంకా పుల్లలు, చింతగింజలు ఏంటివి? అవన్నీ ఒకటి రెండు తరగతులకు. పెద్ద పిల్లలకు పేపరియ్యాలె, మార్కులెయ్యాలె. చేతులతోని చేసేదాన్ని ఆటంటరు గానీ పరీక్షంటరా?” స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో, స్టాఫ్‌రూముల్లో, తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఈ మాట వినబడుతూనే ఉంటుంది. ఎంతగా పాతుకుపోయిందంటే, దీన్ని ఒక వాదనగా కూడా ఎవరూ చూడరు. అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పేసి ముందుకు పోతారు. ఈ వ్యాసం ఆ మాటను కాదనడానికే రాస్తున్నాను. నాలుగు, ఐదు, ఆరు తరగతుల పిల్లలకు లెక్క వచ్చిందో లేదో తేల్చడానికి కాగితం ఒక్కటే చాలదు. చేయించి, చూసి, అడిగి తెలుసుకునే పరీక్ష కాగితం పరీక్ష కన్నా కఠినమైనది. దాన్ని ఆట కింద జమకట్టడం వల్ల నష్టపోతున్నది పిల్లలు, అందులోనూ ముఖ్యంగా సర్కారు బడి పిల్లలు.

విరిగిన స్కేలు లేని బడి ఉండదు. సున్నా దగ్గరి ముక్క పోయి, 3 నుంచి మొదలయ్యే ప్లాస్టిక్ స్కేలును ఐదో తరగతి పిల్ల చేతికిచ్చి పెన్సిల్ పొడవు కొలవమనండి. పెన్సిల్ మొదలు 3 గీత మీద ఉంది, మొన 11 గీత మీద ఉంది. కొందరు తడుముకోకుండా పదకొండు అంటారు. కొందరు గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కబెట్టి తొమ్మిది అంటారు. కొందరు ఎనిమిది అంటారు. పదకొండన్న పిల్లకు కొలత అంటే మొన దగ్గరున్న అంకె చదవడమే. కొలవడం ఆమెకు ఇంకా మొదలే కాలేదు. తొమ్మిదన్న పిల్ల చాలా దూరం వచ్చింది. మొదలు సున్నా దగ్గర లేదని కనిపెట్టింది, ఉన్నదాన్ని లెక్కబెట్టాలని తెలుసుకుంది. కాకపోతే గీతల మధ్య జాగాను లెక్కబెట్టాల్సింది పోయి గీతలనే లెక్కబెట్టింది. ఆమెకు కావాల్సింది రెండు నిమిషాల మాట. ఎనిమిదన్న పిల్లను కూడా వదిలెయ్యొద్దు, ఎట్లా వచ్చిందని అడగాలి. “పదకొండులకెళ్లి మూడు తీసేసిన” అంటే, ఎందుకు తీశావని అడగాలి. ఆ మూడు సెంటీమీటర్ల మీద పెన్సిల్ లేదు కాబట్టి అన్న పిల్లకు కొలత వచ్చినట్టు.

ఇప్పుడు ఇదే సంగతిని పరీక్ష పేపర్‌లో చూడండి. స్కేలు బొమ్మ, దాని మీద సున్నా నుంచి మొదలయ్యే పెన్సిల్ బొమ్మ, పక్కన ఖాళీ. ముగ్గురూ ఒకే జవాబు రాస్తారు, ముగ్గురికీ ఒకే మార్కు పడుతుంది. టీచరు చుట్టుకొలతకు, వైశాల్యానికి పోతారు. పదకొండన్న పిల్ల మూడేళ్ల తర్వాత సంఖ్యారేఖ మీద రుణ సంఖ్యల దగ్గర తప్పిపోతుంది. అప్పుడు హైస్కూల్ సారు “ప్రాథమిక తరగతుల్లో ఏం చెప్పారో” అని నిట్టూరుస్తారు. ఎక్కడ తప్పిపోయిందో చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండదు, ఎందుకంటే ఐదో తరగతి పేపర్‌లో ఆ పిల్లకు పూర్తి మార్కులున్నాయి.

భిన్నాల సంగతి ఇంకా ఘోరం. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని పేపర్‌లో అడిగితే, హారం పెద్దదైతే భిన్నం చిన్నదని బట్టీ పట్టిన పిల్ల సరిగానే రాస్తుంది. బట్టీ పట్టనివాడు “మూడు కన్న నాలుగు పెద్దది గద సార్” అంటాడు. ఇద్దరిలో భిన్నం ఎవరికి తెలుసో ఈ ప్రశ్నతో తేలదు. తరగతి గదిలో గోడ నుంచి గోడకు తాడు కట్టండి, ఒక కొసన 0, మరో కొసన 2 రాసిన చీటీలు వేలాడదీయండి. 1/4, 1/3, 3/4, 1, 5/4 చీటీలిచ్చి ఎక్కడివక్కడ తగిలించమనండి. మొదటి మూడింటినీ ఏదో ఒక వరుసలో తగిలించినవాళ్లలో చాలామంది 5/4 చేతిలో పట్టుకుని ఆగిపోతారు. ఇన్నాళ్లూ రొట్టెను ముక్కలు చేసి రంగు వేయడమే భిన్నం అనుకున్నారు. ఒక రొట్టెలో నాలుగు ముక్కలుంటే ఐదు ముక్కలు ఎక్కడినుంచి వస్తాయి? ఆ ఆగిపోవడమే టీచరు చూడాల్సింది. అపక్రమ భిన్నాన్ని మిశ్రమ భిన్నంగా మార్చే లెక్కలు పది చేయించినా కనబడని లోటు తాడు దగ్గర బయటపడుతుంది.

మార్కులు వచ్చాయి గాబట్టి లెక్క వచ్చినట్టే అనుకునేవాళ్లు 1973లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం గురించి తెలుసుకోవాలి. స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు బెన్నీ అనే ఆరో తరగతి పిల్లవాడితో కూర్చుని మాట్లాడాడు. ఆ పిల్లవాడు ఎవరి వేగంతో వాళ్లు పాఠాలు చదువుకుని రాత పరీక్షలు రాసే పద్ధతిలో చదువుతున్నాడు, తరగతిలో ముందున్నవాళ్లలో ఒకడు. పరీక్షలు దాటుకుంటూ వచ్చాడు. అడిగి చూస్తే, 5/10ని దశాంశంగా మార్చమంటే 1.5 అన్నాడు. లవాన్నీ హారాన్నీ కలిపి పదిహేను చేసి, మధ్యలో ఒక చుక్క పెట్టాడు. జవాబు పత్రంలో ఏముంటే అదే ఒప్పని, గణితం అంటే ఎవరో కల్పించిన సూత్రాల మూట అని ఆ పిల్లవాడు నమ్మాడు. ఆ నమ్మకం అతని మార్కుల్లో ఎక్కడా కనబడలేదు. ఎదురుగా కూర్చుని ఒకరు అడిగితే తప్ప బయటపడలేదు.

నేను నాగార్జునసాగర్ డ్యామ్ పక్కనున్న నందికొండను దృష్టిలో పెట్టుకుని ఈ మాటలు రాస్తున్నాను. నాగార్జునసాగర్ కట్టక ముందు ఆ ప్రాజెక్టును నందికొండ ప్రాజెక్టనే పిలిచేవారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. అక్కడి హిల్‌ కాలనీ, పైలాన్‌ కాలనీ పిల్లలు డ్యామ్‌ చూస్తూ పెరుగుతారు. వానాకాలంలో గేట్లెత్తితే ఊరంతా అక్కడే ఉంటుంది. మట్టం 590 అడుగులకు చేరిందని, 312 టీఎంసీలు నిండాయని పిల్లలు కూడా నోటికి చెబుతారు. అయితే అడుగు అంటే ఎంత, చదరపుటడుగు అంటే ఎంత, టీఎంసీలో ఉండే ఘనపుటడుగు అంటే ఎన్ని నీళ్లు అని అడిగి, చేసి చూపించమంటే ఎంతమంది చూపిస్తారు? ఇంత పెద్ద గణిత ప్రయోగశాల ఊళ్లోనే పెట్టుకుని, పిల్లలకు చుట్టుకొలత లెక్కలో ఎక్కడో లేని పార్కు బొమ్మ ఇస్తున్నాం.

డ్యామ్‌కు 26 క్రస్ట్ గేట్లున్నాయి. ఒక్కో గేటు వెడల్పు రమారమి 45 అడుగులు, ఎత్తు ఇంచుమించు అంతే. బడి ఆవరణలో టేపు, తాడు, సుద్దపొడి ఇచ్చి ఒక గేటును అసలు సైజులో గీయమని ఐదో తరగతి పిల్లలకు చెప్పండి. గీసేటప్పుడు టీచరు మాట్లాడకుండా నిలబడితే చాలు, గంటలో ఏడాది పరీక్షలు చెప్పనిదంతా కనబడుతుంది. టేపు సున్నా కొసను ఎవరు పట్టుకున్నారు, మొదటి అంగుళాన్ని వదిలేసి పట్టుకున్నది ఎవరు? నాలుగు గీతలు గీశాక చివరి మూల కలవకపోతే, గీతను సాగదీసి కలిపేసింది ఎవరు, మూల సరిగ్గా తిరగలేదని వెనక్కి వెళ్లింది ఎవరు? వాళ్లలో ఎవరి నాన్నో మేస్త్రి అయ్యుంటాడు. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మూలమట్టం ఎట్లా పెడతారో ఆ పిల్లవాడు చూసుంటాడు. తరగతిలో నోరెత్తని పిల్లవాడు ఆ గంటలో మేస్త్రి అవుతాడు.

తర్వాత పాత పేపర్‌ను అడుగు పొడవు, అడుగు వెడల్పుతో కత్తిరించి, ఈ గేటులో ఇటువంటివి ఎన్ని పడతాయని అడగండి. నూట ఎనభై అనే పిల్లలుంటారు. వాళ్లు నాలుగు వైపులనూ కలిపారు. చుట్టుకొలతకూ వైశాల్యానికీ తేడా ఏమిటంటే పుస్తకంలో ఉన్న నిర్వచనం తప్పు లేకుండా చెప్పే పిల్లలు కూడా వాళ్లలో ఉంటారు. ఒక వరుసలో నలభై ఐదు పేపర్లు పరిచి చూపిస్తే, ఇంకా నలభై నాలుగు వరుసలు మిగిలాయన్న సంగతి అప్పుడు తడుతుంది. 2,025 అని తేలాక, మన తరగతి గది ఎన్నిసార్లు ఇందులో పడుతుందని అడగండి. ఇరవై అడుగులకు పద్దెనిమిది అడుగుల గది అయితే ఐదున్నర గదులకు పైనే. డ్యామ్ వైపు చూసి కళ్లు పెద్దవి చేసిన పిల్ల వైశాల్యాన్ని ఇక జన్మలో మరిచిపోదు. ఘనపుటడుగుకూ ఇదే దారి. అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న అట్టపెట్టె పెట్టి, ఇందులో ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో ముందు అంచనా వేయమనండి. ఐదనీ పదనీ చెబుతారు. ఇరవై ఎనిమిది లీటర్లకు పైనే. అటువంటివి వంద కోట్లైతే ఒక్క టీఎంసీ. అంచనా ఎంత దూరంలో ఉంది, తప్పని తెలిశాక రెండో అంచనా ఎట్లా మారింది అన్నవి మార్కుకు తగిన విషయాలు. వీటిని ఏ పేపరూ అడగలేదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ల మొదటి మాట ఎప్పుడూ ఒకటే: చేయించి మార్కులేస్తే టీచరు ఇష్టం వచ్చినట్టు వేస్తారు, పేపర్ అయితే నిష్పక్షపాతం. ఈ భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో ప్రాజెక్టు పనులకు పెట్టిన మార్కులు ఏమయ్యాయో అందరికీ తెలుసు. ప్రాజెక్టంటే స్టేషనరీ దుకాణంలో చార్టు కొనడం, నాన్న థర్మకోల్ కత్తిరించడం, అందరికీ పూర్తి మార్కులు వేయడం అయిపోయింది. 2024 నవంబర్‌లో పదో తరగతి ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించి, ఆ ఏడాదికి పాత పద్ధతే ఉంటుందని వెంటనే సవరించుకున్నది కూడా ఈ అపనమ్మకం పెరిగిన వాతావరణంలోనే. అయితే ఆ అపకీర్తిని చేయించి చూసే పరీక్ష నెత్తిన రుద్దడం అన్యాయం. ఇంట్లో ఎవరో చేసి పంపిన చార్టును పిల్ల చేసినట్టు లెక్కేయడం ఒకటి, పిల్ల మన కళ్లెదుట చేస్తుంటే చూడడం మరొకటి. మొదటిదాంట్లో మోసానికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. రెండోదాంట్లో మోసం చేయడం ఎట్లా? విరిగిన స్కేలు జవాబును పక్క పిల్ల చూసి చెప్పినా, “ఎట్లా వచ్చింది” అన్న రెండో ప్రశ్న దగ్గర దొరికిపోతుంది. పేపర్‌లోనేమో ముందురోజు బోర్డు మీద చేయించిన లెక్కనే అంకెలు మార్చి ఇచ్చే స్లిప్ టెస్టు, గైడులో నుంచి ఎత్తిన ప్రశ్న, పక్కవాడి కాగితం మీదకు పోయే చూపు, ఇవన్నీ నిష్పక్షపాతంలో భాగమే కావాలి!

టీచరు ఇష్టానికి వదలకుండా చేయడం కూడా కష్టం కాదు. పని ఇచ్చే ముందే మూడు సంగతులు రాసి పెట్టుకోవాలి. ఏం చేస్తే వచ్చినట్టు, ఏం చెబితే వచ్చినట్టు, వస్తువు తీసేశాక కాగితం మీద ఏం చేయగలిగితే వచ్చినట్టు. ఆ మూడోది ముఖ్యం, ఎందుకంటే పుల్లలతో చేయగలిగి అంకెల్లో రాయలేకపోతే పని సగమే అయినట్టు. కాంప్లెక్స్ సమావేశంలో ఇద్దరు టీచర్లు ఒకే పిల్ల పనిని చూసి విడివిడిగా మార్కులేసి పోల్చుకుంటే, రెండు మూడు సమావేశాల్లో కొలబద్ద కుదురుతుంది. ఇప్పుడు ఆ సమావేశాల్లో సాగే ఉపన్యాసాల కన్నా ఇది ఎంతో మేలు.

టైమెక్కడిదండీ అంటారు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, మధ్యలో ఆన్‌లైన్ వివరాలు, మధ్యాహ్న భోజనం, మీటింగులు. ఈ బరువు నిజం, దాన్ని తగ్గించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. కానీ లెక్క వేసి చూద్దాం. తరగతిలో ఇరవై నాలుగు మంది ఉంటే, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాల చొప్పున తొంభై ఆరు నిమిషాలు. ఆరు రోజులకు పంచితే రోజుకు పదహారు నిమిషాలు. మిగతా పిల్లలు రాత పని చేసుకుంటుంటే నలుగురిని పిలిచి చూడొచ్చు. ఇరవై నాలుగు జవాబు పత్రాలు దిద్దడానికి ఇంతకన్నా తక్కువ పడుతుందా? దిద్దిన తర్వాత తెలిసేది మార్కు ఒక్కటే. చూసిన తర్వాత తెలిసేది రేపు ఎవరికి ఏం చెప్పాలన్నది.

తల్లిదండ్రుల భయం వేరు, దానికి మర్యాదగా జవాబు చెప్పాలి. నందికొండ దగ్గర్లోనే, చలకుర్తిలో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. ఐదో తరగతి పిల్లను ఆరులో అక్కడ చేర్చాలన్న ఆశ ఎన్నో ఇళ్లలో ఉంది. ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో గణితానివి 20 ప్రశ్నలు. అన్నీ బబుల్స్ దిద్దేవే. గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష కూడా ఓఎమ్మార్ షీటు మీదే. “రేపు వాళ్లు పేపరే ఇస్తరు, మీరు తాళ్లు కట్టి ఆడిపిస్తే మా పిల్ల గతేంది సారూ?” అని అమ్మ అడిగితే తప్పు లేదు. ఆమెకు చెప్పాల్సింది ఇదీ: ఆ పరీక్ష ఎంపిక కోసం. నవోదయలో ఏటా ఆరో తరగతికి తీసుకునేది ఎక్కువలో ఎక్కువ ఎనభై మందిని. జిల్లాలోని మిగతా పిల్లలంతా వాళ్ల బడుల్లోనే చదవాలి. వాళ్లకు ఏం రాలేదో తెలుసుకోవడానికి, ఎవర్ని వదిలేయాలో తేల్చే పరీక్షను తెచ్చి పెట్టుకోవడం ఏం న్యాయం? పైగా ఆ ఎనభైలో చేరాలన్నా భిన్నాలు, దశాంశాలు, వైశాల్యం తెలియాలి. తాడు మీద 5/4 పెట్టలేని పిల్ల ఎన్ని మోడల్ పేపర్లు చేసినా, ప్రశ్న కొద్దిగా మారితే నిలబడిపోతుంది.

ఇంకొక మాట ఉంది, దీన్ని పెద్దలెవరూ పట్టించుకోవడం లేదు. సాగర్, దేవరకొండ ప్రాంతమంతా తండాలు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల బడిలో తెలుగు వింటుంది, 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక లెక్కల పేపర్‌ను ఇంగ్లిష్‌లో చదవాలి. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఇచ్చినా పిల్లకు రెండూ పరాయివే. ఆ పిల్ల లెక్క తప్పితే తప్పింది గణితమా, భాషా? పేపర్‌కు చెప్పే నోరు లేదు. అదే పిల్ల చేతికి ఒక కాగితం ఇచ్చి, ఇది మీ ఎకరం చేను, ఇందులో ముప్పావు వంతు పత్తి వేశారనుకో, మడిచి చూపించు, ఎన్ని గుంటలు అని అడగండి. నాలుగు మడతలు పెట్టి, మూడు చూపించి ముప్పై గుంటలు అంటుంది. ఎకరానికి నలభై గుంటలని ఆమెకు ఎవరూ బడిలో చెప్పక్కర్లేదు. ఆ తర్వాత దాన్నే అంకెల్లో రాయించండి. ఎక్కడ ఆగుతుందో అక్కడే పాఠం మొదలు పెట్టాలి.

ఇంటి లెక్కా బడి లెక్కా కలవడం లేదన్నది ఊహ కాదు. 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరుల అధ్యయనం వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలమ్మే పిల్లలు చిల్లర లెక్కలు నోటితో చకచకా చేశారు, అవే లెక్కలు బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే చేయలేకపోయారు. బజారు పని చేయని బడి పిల్లల్లో దీనికి తిరగబడ్డ పరిస్థితి కనబడింది. పాలమూరు కూలీలు దేశమంతా డ్యాములు కట్టారు, కాల్వలు తవ్వారు. మట్టిపని కొలతల మీద కూలి లెక్కకట్టుకున్నారు. వాళ్ల మనవలు నాలుగో తరగతిలో గణితం రాదని ముద్ర వేయించుకుంటున్నారు. ఇందులో తప్పు ఎవరిది? రెండు లెక్కల మధ్య వంతెన వేసే పని బడిదే, వంతెన పడిందో లేదో తెలిసేది చేయించి, రాయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే.

వస్తువులతో చేయించినంత మాత్రాన గణితం వచ్చేస్తుందనే గుడ్డి నమ్మకం నాకు లేదు. 1992లో డెబొరా బాల్ అనే అమెరికన్ గణిత విద్యావేత్త ఇదే హెచ్చరిక చేశారు. పెద్దవాళ్లకు భిన్నాలు చూపే రంగు ముక్కల్లో భిన్నం కనబడుతుంది, ఎందుకంటే వాళ్లకు భిన్నం ముందే తెలుసు. పిల్లకు రంగు ముక్కలే కనబడొచ్చు. నా వాదనకు ఇది బలమే. పిల్లకు ముక్కలు కనబడుతున్నాయా, భిన్నం కనబడుతోందా అన్నదే మూల్యాంకనం తేల్చాల్సిన సంగతి. బోధనోపకరణాల (టీఎల్ఎం) మేళాల్లో ముచ్చటైన చార్టుకు బహుమతులివ్వడం వల్ల ఇది తేలదు. మేళాలో ఉపకరణాన్ని టీచరు తిప్పి చూపిస్తారు. పరీక్షలో అది పిల్ల చేతిలో ఉండాలి, టీచరు చేతులు ఖాళీగా ఉండాలి.

నేను కొత్తగా అడుగుతున్నదేమీ లేదు. 1984లో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చేస్తూ నేర్చుకోవడాన్ని, స్థానిక పరిసరాలను వాడుకోవడాన్ని తన సూత్రాల్లో పెట్టుకుంది. ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద వచ్చిన గణితం కిట్లు, పోతే స్టాక్ రిజిస్టర్‌లో జవాబు చెప్పాలన్న భయంతో ఎన్నో బడుల్లో బీరువాల్లోనే ఉండిపోయాయి. జాతీయ పాఠ్యప్రణాళిక పరిధి-2005 కోసం గణితంపై తయారైన ఆధారపత్రం, మొరటు మూల్యాంకన పద్ధతుల వల్లే గణితం అంటే యాంత్రికంగా లెక్కలు చేయడమన్న అభిప్రాయం బలపడుతోందని సూటిగా చెప్పింది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లల అవగాహననూ, దాన్ని వాడుకునే సామర్థ్యాన్నీ నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలంటోంది. మన ఎస్సీఈఆర్టీ గణితానికి పెట్టిన విద్యాప్రమాణాలు ఐదు: సమస్యా సాధన, కారణాలు చెప్పి నిరూపించడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం. పిల్ల కారణం చెప్పిందో లేదో, నేర్చుకున్నదాన్ని తన ఊరితో ముడిపెట్టగలిగిందో లేదో పేపర్‌కు ఏం తెలుస్తుంది? సర్కారు తానే రాసుకున్న ఐదింటిలో అన్నిటికన్నా తేలికైన ఒక్కదాన్ని కొలిచి, ఐదింటికీ గ్రేడు ఇస్తున్నాం. ఈ గ్రేడు చెల్లదు.

మండల విద్యాధికారులకు, కాంప్లెక్స్ హెడ్మాస్టర్లకు నా విన్నపం ఒకటే. వచ్చే ఫార్మేటివ్ పరీక్షల్లో నాలుగు, ఐదు, ఆరు తరగతుల గణితం స్లిప్ టెస్టు నుంచి ఒక్క ప్రశ్న తీసెయ్యండి. దాని చోట విరిగిన స్కేలో, తాడో, అట్టపెట్టో పెట్టి ప్రతి పిల్లతో చేయించి చూడండి. పిల్ల చెప్పిన కారణాన్ని, తప్పయినా సరే, ఆమె మాటల్లోనే రిజిస్టర్‌లో రాయండి. తల్లిదండ్రులు బడికి వచ్చినప్పుడు మార్కుతో పాటు ఆ మాటను కూడా చదివి వినిపించండి.